ఎలుక మీసాలు, సోమవారం నీళ్లు

ల్యాబుల్లో కొత్తగా చేరిన పిల్లలు ఎవరైనా నన్ను చూడటానికి వస్తే ముందు టీ ఇస్తాను, తర్వాత ఒక ప్రశ్న వేస్తాను. "మీ ల్యాబులో నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయి?" చాలామంది నవ్వేస్తారు. రిటైరైన మనిషి చాదస్తం అనుకుంటారు. అనుకోనీండి. అన్నేళ్లు ఉద్యోగం చేసి ఆ మాత్రం చాదస్తం కూడా సంపాదించుకోకపోతే ఎలా? అయితే ఆ ప్రశ్న వెనక ఒక అమ్మాయి చదువంతా ఉంది. అది చెప్తాను, వినండి.

నేను శాస్త్రవేత్తను కాను, టెక్నీషియన్‌ని. మా నాన్న మెదక్ వైపు ఒక క్రైస్తవ మిషను దవాఖానలో కాంపౌండరు. మందు సీసాల మధ్య పెరగడం వల్లో ఏమో, నాకు చేతిపని మీద ఇష్టం ఏర్పడింది. తొంభైల మొదట్లో నాంపల్లి స్టేషన్ నుంచి అబిడ్స్ వెళ్లే దారిలో, ఒక సందులో, పాత మేడ మీదున్న చిన్న పరిశోధనశాలలో చేరాను. మెదడు కణాలు ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకుంటాయో కొలవడం అక్కడి పని. నా వంతు ఎలుక పిల్ల మెదడును పలుచగా ముక్కలు కోయడం, వెంట్రుక కంటే సన్నని గాజు గొట్టాలు లాగి ఇవ్వడం, యంత్రాలు మొరాయిస్తే బుజ్జగించడం.

మాకు గైడుగా ఉన్న సార్ పాతకాలపు హైదరాబాదీ. తెలుగులో మొదలుపెట్టి, ఉర్దూలోకి దిగి, ఇంగ్లీషులో తేలేవారు. మంచి మనిషి, కోపిష్ఠి. ఆ రెండూ ఒకే మనిషిలో ఉండటం అప్పట్లో మామూలే. ఇంకొకాయన స్టోర్‌కీపరు, అందరికీ కాకా. సిద్దిపేట వైపు పల్లె నుంచి, సేద్యం గిట్టక, ఏనాడో పట్నం వచ్చి స్థిరపడ్డ మనిషి. మా బీరువాల తాళాలన్నీ ఆయన మొలతాడుకే ఉండేవి. చివరగా మా రిసెర్చ్ స్కాలరు. కృష్ణా జిల్లాలో ఒక మిషను ఊరి నుంచి వచ్చి హిమాయత్‌నగర్‌లో ఆడపిల్లల హాస్టల్లో ఉండేది. నన్ను అక్కా అని పిలిచేది. ఆమె ప్రతి మాటకీ "అండీ" తగిలిస్తే కాకా ఏడిపించేవాడు.

"అండి, గుండి ఏందమ్మా? మాకు గవన్నీ తెల్వయి. కాకా అను, చాలు."

ఆమె పని అర్థం కావాలంటే కాస్త విషయం చెప్పాలి, ఓపిక పట్టండి. మెదడులో ఒక కణం పక్క కణానికి కబురు పంపాలంటే ఎక్కువసార్లు గ్లుటమేట్ అనే రసాయనాన్ని వదులుతుంది. అందుకునే కణం మీద దానికోసం గ్రాహకాలుంటాయి. సార్ వాటిని తలుపులనేవారు. ఒక రకం తలుపు టక్కున తెరుచుకుని టక్కున మూసుకుంటుంది. రెండో రకం నిదానం. దాని నోట్లో మెగ్నీషియం అడ్డంగా కూర్చుని ఉంటుంది. కణం అప్పటికే కొంచెం ఉత్తేజంలో ఉంటేనే ఆ అడ్డు తొలగుతుంది. అందుకే ఏ కబురును గట్టిగా పట్టించుకోవాలి, దేన్ని గుర్తుంచుకోవాలి అన్నది చాలావరకు ఈ రెండో తలుపు చేతిలో ఉంటుందంటారు.

ఇక ఎలుక సంగతి. చీకట్లో అది మీసాలతోనే లోకాన్ని తడుముకుంటుంది. స్పర్శ తెలిసే మెదడు పైపొరలో ఒక్కో మీసానికి ఒక్కో గడి ఉంటుంది. మరి పుట్టినప్పటి నుంచీ మీసాలు కత్తిరిస్తూ పోతే ఆ గడిలో రెండో తలుపు ఏమవుతుంది? కబురే రాని ఇంట్లో తలుపు బిగుసుకుపోతుందా, ఇంకా బార్లా తెరుచుకుంటుందా? ఆ అమ్మాయి ప్రశ్న ఇది. జవాబు కోసం నాలుగేళ్ల పైన కూర్చుంది. మీసాలు కత్తిరించిన పిల్లలు కొన్ని, కత్తిరించని పిల్లలు కొన్ని. రెండిటి మెదడు ముక్కల్లోనూ మొదటి తలుపును మందుతో మూసేసి, మెగ్నీషియం కలపని నీళ్లలో రెండోదాంట్లోంచి ఎంత విద్యుత్తు పారుతుందో కొలిచేది.

రెండు గుంపులూ ఒకేరోజు పెట్టుకుంటే పొరపాటున ఒకదాని ముక్క ఇంకోదాంట్లో కలుస్తుందని సార్‌కు భయం. అందుకని రోజులు పంచారు. సోమ, బుధ, శుక్రవారాలు మీసాలు లేని పిల్లలవి. మంగళ, గురు, శనివారాలు మీసాలున్నవాటివి. ఎంత న్యాయంగా ఉందో చూడండి. మేమంతా ఆ పద్ధతికి మురిసిపోయేవాళ్లం.

ఫలితం కూడా ముచ్చటగా వచ్చింది. మీసాలు లేనివాటిలో ప్రవాహం పెద్దది, ఉన్నవాటిలో చిన్నది. ఎన్నిసార్లు చేసినా అంతే. కబురు కోసం మొహంవాచిన కణం తలుపును బార్లా తెరిచి కూర్చుంటోందని సార్ వివరించారు. వినడానికి ఎంత బాగుందంటే, మా చర్చిలో ఒకాయనకు చెబితే ప్రసంగంలో వాడుకుంటానన్నాడు. వ్యాసం విదేశీ పత్రికకు వెళ్లింది, అంగీకరించామని జవాబు కూడా వచ్చింది. సార్ సమోసాలు తెప్పించారు. ఫెలోషిప్ ముగిసేలోపు థీసిస్ ఇచ్చేస్తే ఆమె పని అయిపోయినట్టే.

ఇప్పుడు నీళ్ల సంగతి. మెదడు ముక్క బతకాలంటే ఉప్పులు కలిపిన నీళ్లలో ఉండాలి. ఆ నీళ్లు డిస్టిల్డ్ వాటరుతో చేయాలి. ఆ డిస్టిల్డ్ వాటరు తీసే యంత్రం కింద నల్లా పక్కన ఉండేది. చల్లబరచడానికి దానికి పారే నీళ్లు కావాలి. మా సందులో నల్లా వచ్చేది సోమ, బుధ, శుక్రవారాల్లోనే. ఆ పూట యంత్రం నడిపి, గాజు కుప్పెలో పడ్డ నీళ్లు పడ్డట్టే పైకి తెచ్చి వాడుకునేవాళ్లం. మర్నాటి కోసం కొన్ని దాచేవాళ్లం. మొదట్లో ప్లాస్టిక్ క్యాన్లలో దాచేవాళ్లం. అవి పగిలి కారేవి. పైగా ఆ అమ్మాయి వాటిని మోసుకుంటూ మెట్లెక్కడం కాకా చూడలేకపోయాడు.

"గీ బరువులు మోసుడేంది బిడ్డా? చదువుకొనీకి వచ్చినవా, హమాలీ పనికొచ్చినవా?"

అలా అని ఊరుకోలేదు. గౌలిగూడలో తనకు తెలిసిన రేకుల పనివాడి దగ్గర ఒక పెద్ద డబ్బా చేయించి, కుళాయి పెట్టించి, మా వరండాలో స్టాండు మీద నిలబెట్టాడు. కొత్త జి.ఐ. రేకు, అద్దంలా మెరిసేది. నల్లా వచ్చిన రోజు సాయంత్రం తనే నీళ్లు మోసి దాన్ని నింపేవాడు. ఆమె అసలు కొలతలు మొదలుపెట్టక ముందే ఆ డబ్బా వచ్చింది. దాన్ని చూసి మేం ఎంత సంతోషించామో చెప్పలేను.

జి.ఐ. రేకు అంటే జింకు పూత పూసిన రేకని మీకు తెలుసు, నాకూ తెలుసు. జింకు ఈ రెండో తలుపును మూసేస్తుందని సార్‌కు బాగా తెలుసు, పాఠంలోనే చెప్పేవారు. పాఠం ముగించి వరండాలోకి వచ్చి, ఆ డబ్బా మీద చెయ్యి ఆనించి టీ తాగేవారు. తెలిసిన రెండు విషయాలు పక్కపక్కనే నిలబడి ఒకదాన్నొకటి పలకరించుకోకపోవడం నేను ఉద్యోగంలో చాలాసార్లు చూశాను గానీ, అంత దగ్గరగా నిలబడటం అప్పుడే చూశాను.

ఆ ఏడాది వానాకాలం చివర్లో కేబుళ్ల కోసం మా రోడ్డు తవ్వారు. పైపు పగిలింది. వారమంతా నల్లా రాలేదు. డబ్బా నిండుగా ఉంది కాబట్టి మేం ఫికర్ చేయలేదు, సోమవారం కూడా ఆ నీళ్లతోనే పని నడిపాం. మీసాలు లేని పిల్ల, ఎప్పుడూ పెద్ద ప్రవాహం వచ్చే రకం. ఆ రోజు చిన్నదొచ్చింది. బుధవారమూ చిన్నదే, శుక్రవారమూ అంతే. యంత్రం చెడిందేమో చూడక్కా అంది. ఎర్త్ వైరు చూశాను, గాజు గొట్టాలు మార్చాను, వేడి చూశాను, నీళ్లలోకి ప్రాణవాయువు బుడగలు పంపే సిలిండరు మార్చాను. అన్నీ శుభ్రంగా ఉన్నాయి. పైవారం పైపు బాగుచేశారు, నల్లా వచ్చింది. సోమవారం ప్రవాహం మళ్లీ పెద్దదైంది.

నేను హమ్మయ్య అనుకున్నాను. ఆమె అనుకోలేదు. కుర్చీలోంచి లేచి వెళ్లి మెట్ల మీద కూర్చుంది. నేను వెళ్లేసరికి మొహం పాలిపోయి ఉంది.

"అక్కా, ఇది మీసాల వల్ల కాదండీ. నల్లా వస్తే పెద్దదవుతోంది, రాకపోతే చిన్నదవుతోంది. మనం సోమ బుధ శుక్రవారాల్ని కొలిచాం అక్కా, ఇన్నాళ్లూ."

వ్యాసం అచ్చుకు వెళ్తోంది. థీసిస్ సగం టైపయింది. ఈ మాట మా ఇద్దరికి తప్ప ఇంకెవరికీ తెలియదు. ముందు టీ తాగొద్దాం పద అన్నాను. నా ఉద్దేశం ఆమెను కాసేపైనా ఆపడమే. టీ తాగే లోపల మనసు మారకపోయినా, మాట మెత్తబడుతుందేమోనని ఆశ. ఆమె చున్నీతో మొహం తుడుచుకుని, "తర్వాత తాగుదాం అక్కా" అని నేరుగా సార్ గదిలోకి వెళ్లింది.

సార్ అంతా విన్నారు. ముందు అరిచారు, ఒక వారం చూసి ఇన్నేళ్ల పని కాదంటావా అని. తర్వాత వరండాలోకి వచ్చి డబ్బా ముందు నిలబడ్డారు. వేలితో దాన్ని కొట్టి చూశారు.

"ఇదేం రేకు?" అని నన్నడిగారు.

"జి.ఐ. రేకు సార్."

"యా అల్లా," అన్నారాయన. పక్కా నియమనిష్ఠల బ్రాహ్మణుడు, అబిడ్స్ గాలి అలాంటిది. "రేపు పరీక్ష చేద్దాం. అందరం ఉందాం."

మర్నాడు మంగళవారం, మీసాలున్న పిల్ల. నేను ముక్క కోశాను. ప్రార్థన చేసుకుని మరీ కోశాను. డబ్బా నీళ్లలో ముక్కను పెట్టి కొలిస్తే, ఎప్పటిలాగే చిన్న ప్రవాహం. అప్పుడు ఆమె ఆ నీళ్లలో జింకును పట్టి కట్టేసే మందు చిటికెడు కలిపింది. మీసాలు అవే, పిల్ల అదే, కణం అదే. మారింది నీళ్లలో ఆ చిటికెడు మందు ఒక్కటే. మేం ముగ్గురం తెర వైపు చూస్తూ నిలబడ్డాం. గీత మెల్లమెల్లగా దిగడం మొదలుపెట్టింది. మా యంత్రంలో గీత కిందికి దిగిందంటే ప్రవాహం పెరిగిందని అర్థం. దిగి, దిగి, సోమవారం ఎక్కడ ఆగేదో సరిగ్గా అక్కడే ఆగింది.

నా ఉద్యోగంలో అంత శుభ్రమైన ప్రయోగం మళ్లీ చూడలేదు. అంత ఏడుపొచ్చిన ప్రయోగమూ ఇంకోటి లేదు. కొండను తవ్వి ఎలుకను పట్టారని లోకం వెక్కిరిస్తుంది. మేం కొండంతా తవ్వాం, చివరికి ఎలుక కూడా దక్కలేదు.

సార్ అరుస్తారనుకున్నాను. అరవలేదు. "పేపర్ వెనక్కి తీసుకుందాం" అన్నారు. అంతే. తన గదిలో కూర్చుని నాలుగు వాక్యాలు రాశారు, సంతకం పెట్టారు, ఆమెతో పెట్టించారు. ముగ్గురం నడుచుకుంటూ అబిడ్స్‌లో ఫ్యాక్సు బూత్‌కు వెళ్లాం. లోపల ఎవరో దుబాయ్‌కి గట్టిగా మాట్లాడుతున్నారు. కాగితం యంత్రంలోకి అంగుళం అంగుళం జారిపోతుంటే ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. బయటికొచ్చాక సార్ మమ్మల్ని ఇరానీ హోటల్లోకి తీసుకెళ్లి, ఉస్మానియా బిస్కెట్లు తెప్పించి, ఆమె వైపు చూడకుండా అన్నారు.

"చూడు, ఆ పేపర్లో మొదటి పేరు నీది. కానీ అందులో నీ కంటే నా ఆశ ఎక్కువ ఉండింది. నువ్వు చెప్పకపోతే నాకెప్పటికీ తెలిసేది కాదు. షుక్రియా."

కోపిష్ఠి మనిషి నోట ఆ మాట విని ఆమె అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. హోటల్లో వెయిటరు ఎవరో పోయారనుకున్నట్టున్నాడు, ఇంకో గ్లాసు మంచినీళ్లు పెట్టి వెళ్లాడు.

కాకాకు ఎలా చెప్పాలన్నది మిగిలింది. మేమెవరం చెప్పకముందే ఆయనకు తెలిసిపోయింది. పాత మేడల్లో గోడలకు చెవులుంటాయి. మర్నాడు వచ్చి చూస్తే వరండాలో డబ్బా లేదు, ఒట్టి స్టాండు ఉంది. డబ్బాను వెనక పెరట్లో బోర్లించి, దాని పక్కనే ఇటుకల మీద కూర్చుని ఉన్నాడు.

"పిల్ల నడుం నొస్తదని చేయించిన చెల్లె," అన్నాడు నాతో. "దాని చదువే ఇరగ్గొట్టిన గదా. దానికి నా మొకం ఎట్ల సూపియ్యాలె?"

నీ తప్పు కాదు కాకా అంటే తల అడ్డంగా ఊపాడు. ఆమె వచ్చి పిలిచినా తాళాల గుత్తి సర్దుకుంటూ పక్కకు తప్పుకునేవాడు. ఎప్పుడూ ఏడిపించే మనిషి ఆమెతో మాట్లాడటమే మానేశాడు. పని మాత్రం మానలేదు. ఇకమీదట గాజు జాడీల్లోనే నీళ్లు దాచాలని సార్ అంటే, అబిడ్స్‌లో గాజు సామాన్ల దుకాణం నుంచి తనే తెస్తానన్నాడు. సరిగ్గా ఆ రోజు గణేశ్ నిమజ్జనం. ఖైరతాబాద్ పెద్ద వినాయకుణ్ణి చూడ్డానికి పోయేవాళ్లు, లారీల మీద విగ్రహాలు, డప్పులు, రంగులు, రోడ్డు మీద ఆటో కదిలే దారి లేదు. ఆ జనంలోంచి జాడీని పసిపిల్లను ఎత్తుకున్నట్టు గుండెకు హత్తుకుని నడిచొచ్చాడు. గులాలుతో ఒళ్లంతా ఎర్రగా ఉంది, జాడీకి మాత్రం గీత పడలేదు. దాన్ని ఆమె బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

ఫెలోషిప్ అయిపోయింది. సార్ యూనివర్సిటీ చుట్టూ తిరిగి గడువు పొడిగింపు సంపాదించారు. ఆమె పొద్దున హిమాయత్‌నగర్‌లో ఒక జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పి, మధ్యాహ్నం బస్సు పట్టుకుని ల్యాబుకు వచ్చేది. మొత్తం మొదటి నుంచి మళ్లీ చేసింది. ఈసారి రెండు రకాల పిల్లల్నీ ఒకేరోజు తీసుకున్నాం. ముక్కలు కోసి, ఏది ఏదో ఆమెకు చెప్పకుండా గిన్నెల మీద నేను గుర్తులు పెట్టి ఇచ్చేదాన్ని. ఏ గుర్తు దేనిదో అంతా అయ్యేదాకా నా మనసులోనే. ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో! ఆడవాళ్ల నోట్లో నువ్వుగింజ నానదంటారు. నేను ఏడాదికి పైగా నానబెట్టాను.

చివరికి గుర్తులు విప్పాం. మీసాలున్నవీ లేనివీ, రెండు గుంపుల కొలతలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. కాస్త కూడా తేడా లేదు. మాలో ఎక్కడో ఆశ మిగిలే ఉంది, శుభ్రమైన నీళ్లలో కూడా కొంచెమైనా తేడా నిలబడకపోతుందా అని. నిలబడలేదు. ఆ వయసు పిల్లల్లో, ఆ గడిలో, మీసాలు పోయినా రెండో తలుపు ప్రవాహం మారలేదు. ఆమె థీసిస్ అదే.

లేదు అని చెప్పే థీసిస్‌కు డిగ్రీ ఇస్తారా? మా అందరి భయమూ అదే. మౌఖిక పరీక్ష రోజున చిన్న హాలు నిండిపోయింది. కాకా ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, ఆఖరి వరసలో తలుపు పక్కన కూర్చున్నాడు. వేరే రాష్ట్రం నుంచి వచ్చిన పెద్దాయన పరీక్షకుడు. నవ్వని మనిషి. థీసిస్ పేజీలు తిప్పుతూ జింకు దగ్గర ఆగారు.

"ఇంత జింకు మీ నీళ్లలోకి ఎలా వచ్చింది?" అన్నారు ఇంగ్లీషులో. "ఎవరి నిర్వాకం ఇది?"

వెనక కాకాకు ఇంగ్లీషు రాదు గానీ జింకు అన్న మాట అర్థమైంది. లేచి నిలబడ్డాడు. నేనే అని చెప్పడానికి లేచాడని మా అందరికీ తెలుసు.

ఆమె ఆయన వైపు చూసింది. పరీక్షకుడి వైపు తిరిగి, "నిల్వ పాత్ర నుంచి వచ్చింది సార్," అంది. "ఏ పాత్రలో నిల్వ ఉంటున్నాయో చూడకుండా వాడింది నేను. పరీక్షించాల్సింది కూడా నేనే. అందుకే మొత్తం మళ్లీ చేశాను."

"మొదటి పేపర్ మీరే వెనక్కి తీసుకున్నారా? ఎవరూ అడగకుండానే?" అన్నారు పెద్దాయన. ఔనంది. ఆయన థీసిస్ మూసి, మా సార్‌తో చేయి కలిపి, ఇక నేను అడగాల్సింది లేదన్నారు. చప్పట్లు మొదలుపెట్టింది మా సారే.

ఆ ల్యాబు నాకు జీతమిచ్చింది, పెన్షనిచ్చింది. వాటికి దండం పెట్టుకుంటాను. కానీ దేవుడి ముందు కృతజ్ఞత చెప్పేటప్పుడు నా నోటికి ముందొచ్చేది అలాంటి మనుషుల పక్కన నిలబడి పని చేసిన సంగతి. నిజం చెప్పమని మీకు పుస్తకాలు చెప్తాయి. చెప్పాక ఎవరి మీదా రాయి పడకుండా ఎలా చెప్పాలో నేను ఆ రోజు చూసి నేర్చుకున్నాను.

హాలు ఖాళీ అవుతుంటే కాకా వరండాలో ఆమె కోసం నిలబడి ఉన్నాడు. ఏడాదిన్నర తర్వాత ఆమెతో నేరుగా మాట్లాడటం అదే.

"నా డబ్బా అని ఎందుకు చెప్పలే బిడ్డా? నేను ఒప్పుకుందామనే లేసిన."

"డబ్బా మీరు నా కోసం చేయించారు కాకా," అంది ఆమె. "నీళ్లు నావి."

కాకా చేతిలోని తాళాల గుత్తి నాకిచ్చి, రెండు చేతులూ ఆమె తల మీద పెట్టాడు.